బ్రౌన్ రింగ్ రాలేదు

నాకు ప్రశ్న పూర్తిగా చదివే అలవాటు ఉండేది కాదు. చాలా ఏళ్లుగా భీమవరంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. ప్రశ్నలో మొదటి నాలుగు మాటలు కంటపడితే చాలు, జవాబు నోట్లోంచి ఊడిపడేది. ఎవరైనా "డ్రై ఈథర్‌లో..." అని మొదలుపెడితే "గ్రిగ్నార్డ్, ఆప్షన్ సి" అనేసేవాణ్ని. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టేవారు. ఆ నోళ్లు చూసి నేను గాల్లో తేలేవాణ్ని. ఇదే తెలివనీ, ఇదే కెమిస్ట్రీ అనీ మనసారా నమ్మాను. మీరూ మీ మీ పనుల్లో ఇలాంటిదేదో ఒకటి నమ్మే ఉంటారు. అందుకే మీతో చెప్పుకోవడానికి నాకు బెరుకు లేదు.

మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగా పేపర్లో ఒక ఫొటో పడింది. నలుగురు పిల్లలు, భుజాల మీద జాతీయ జెండా, మెడలో పతకాలు. అంతర్జాతీయ కెమిస్ట్రీ ఒలింపియాడ్ నుంచి వచ్చారట. ఆ పోటీ 1968లో ప్రాగ్‌లో మూడంటే మూడు దేశాలతో, చెకోస్లొవేకియా, హంగరీ, పోలండ్‌లతో మొదలైంది. మన దేశం 1999లో చేరింది, 2001లో ముంబైలో ఆతిథ్యం కూడా ఇచ్చింది. దేశానికి నలుగురే పిల్లలు. ఐదు గంటలు థియరీ, ఇంకో రోజు ఐదు గంటలు ప్రాక్టికల్. బంగారు పతకం ఒక్కరికే ఇవ్వరు. పోటీకొచ్చినవాళ్లలో పదో వంతుకు కాస్త పైగా బంగారం ఇస్తారు, వెండీ కంచూ కలిపితే సగం మందికి పైగా ఏదో ఒక పతకంతో ఇంటికెళతారు. ఈ చివరి ముక్క చదివేసరికి నా బుర్రలో మా అమ్మాయి ఫొటో కూడా అచ్చయిపోయింది.

దారి పొడుగే. ముందు నవంబరు చివర్లో తొలి వడపోత పరీక్ష ఎన్‌ఎస్‌ఈసీ రాయాలి. అందులో నెగ్గిన కొన్ని వందల మంది సంక్రాంతి వెళ్లాక రెండో పరీక్ష ఇన్‌కో రాస్తారు. అందులోంచి ఏరిన 35 మంది దాకా వేసవిలో ముంబై మాన్‌ఖుర్ద్‌లోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్లో క్యాంపుకెళతారు. ఆ క్యాంపులో ల్యాబ్ పని కూడా చేయించి చివరికి నలుగురిని తేలుస్తారు. ఇన్ని మెట్లు ఉన్నాయని నాకు తెలుసు. తెలిసి కూడా మా బావమరిది గృహప్రవేశంలో, వడ్డన జరుగుతుండగా, పంక్తి మొత్తానికి వినపడేలా చెప్పాను: "మా అమ్మాయి ఒలింపియాడ్‌కి వెళుతోంది."

"ఏ ఆటలో?" అన్నాడు మా పెదనాన్న.

"ఆట కాదు పెదనాన్నా, కెమిస్ట్రీలో."

"అందులో కూడా పరిగెత్తిస్తారా?" అన్నాడాయన. నేను విసుక్కున్నాను కానీ, తర్వాత జరిగింది చూస్తే ఆయన సరిగ్గానే పోల్చుకున్నాడు. ఆ పిల్లని నేను పరిగెత్తించాను.

మా కాలేజీవాళ్లు ఊరుకుంటారా? ఫీజు కట్టి దరఖాస్తు పెట్టామో లేదో, బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది. "ఒలింపియాడ్ దిశగా మా విద్యార్థిని" అని రాసి, అమ్మాయి ఫొటో మూలన వేసి, దానికి రెండింతలు నా ఫొటో పక్కన వేశారు. రాసిన పరీక్ష ఒక్కటి లేదు. తీసేయమనొచ్చు. నేను సెల్‌ఫోన్లో ఫొటో తీసుకుని చుట్టాలందరికీ పంపాను.

పిల్లని తెల్లవారుజామున లేపేవాణ్ని. అట్కిన్స్, క్లేడెన్ లాంటి లావుపాటి పుస్తకాలు తెప్పించాను. ఆ పుస్తకాలు మనిషిని కూర్చోబెట్టి ఆలోచింపజేస్తాయి. వాటిని కూడా నేను బిట్లుగా కోసి, గ్రాండ్ టెస్టులుగా కుట్టి ఆమె ముందు పెట్టాను. నా చేతుల్లో ఏ పుస్తకమైనా నాలుగు ఆప్షన్ల కింద మారిపోవాల్సిందే. ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో, 160 ప్రశ్నలకు 3 గంటలు. ప్రశ్నకు నిమిషం పైచిలుకు. ఆ లెక్క నా ఎముకల్లో ఇంకిపోయింది.

ఒకరోజు పొద్దున్నే వాళ్లమ్మ గడపలకు పసుపు రాస్తోంది. పిల్ల పుస్తకం మూసి అడిగింది: "నాన్నా, పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎందుకవుతుంది?"

"అది పరీక్షలో రాదులే. బిట్లు చెయ్యి."

ఈ జవాబు ఇచ్చిన మొదటి మేష్టార్ని నేను కాను. మన కాలేజీల్లో గంట గంటకూ ఎక్కడో ఒకచోట ఈ మాట వినపడుతూనే ఉంటుంది. కానీ ఆ ప్రశ్నలోనే ఆమ్లం ఉంది, క్షారం ఉంది, కర్కుమిన్ అణువు ఉంది, రంగు ఎలా పుడుతుందన్న కథంతా ఉంది. ఒలింపియాడ్ పేపర్లు తయారుచేసేవాళ్లు వెతికి పట్టుకునేది ఇలాంటి ప్రశ్ననే. పతకం కోసం ఇల్లంతా పీకి పందిరేస్తూ, వంటింట్లోంచి నడిచొచ్చిన ప్రశ్నని గడప దాటనివ్వలేదు నేను.

పరీక్ష ఆదివారం పడింది. సెంటర్ విజయవాడలో. దారి పొడుగునా ఒకే మంత్రం జపించాను: "ఒక్క బబుల్ కూడా ఖాళీ వదలొద్దు. రాకపోతే ఏదో ఒకటి పెట్టెయ్." ఎంసెట్ పిల్లలకు నేను ఏటా చెప్పే మాటే అది. ఎంసెట్‌లో తప్పు జవాబుకు మార్కు పోదు. ఎన్‌ఎస్‌ఈసీలో పోతుంది. చాలా ప్రశ్నలకు ఒప్పుకు 3, తప్పుకు మైనస్ 1. అది సమాచార పత్రంలో ఉంది, ప్రశ్నపత్రం మొదటి పేజీలోనూ ఉంది. ప్రశ్నే పూర్తిగా చదవనివాణ్ని, సూచనలు చదువుతానా?

రెండు గంటల తర్వాత బయటికొచ్చింది. "అన్నీ పెట్టావా?" అన్నాను. "పెట్టాను" అంది. నేను పొంగిపోయి అక్కడికక్కడే పూతరేకుల పెట్టె కొని, బస్సెక్కి, సీట్లో సర్దుకుని, ఊరికే కాలక్షేపానికి ఆ ప్రశ్నపత్రం అందుకుని, మొదటి పేజీ తెరిచి, మైనస్ గుర్తు దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని, మళ్లీ అదే మైనస్ చూసి, పెట్టె మూత మూసేశాను.

"ఇది చూశావా?"

"చూశాను నాన్నా."

"మరి ఎందుకు పెట్టావే అన్నీ?"

"అన్ని రోజుల నుంచీ నువ్వు చెబుతున్నావుగా. తెలిసే చెప్పి ఉంటావనుకున్నాను."

ఆ మాట తర్వాత గుడివాడ దాకా నేను నోరు విప్పలేదు. ఆ పిల్లే కాగితం మీద లెక్క వేసి చూపించింది. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే, నాలుగిట ఒకసారి 3 వస్తాయి, మూడుసార్లు ఒక్కొక్కటి పోతాయి, కలిపితే సున్నా. రెండు ఆప్షన్లు తప్పని తేల్చుకోగలిగితే మాత్రం మిగతా రెండింట్లో ఒకటి పెట్టడం లాభమే. "కానీ నాన్నా, పేపర్ ఇచ్చేవాళ్లు తప్పు ఆప్షన్లని ఊరికే రాయరు. మనం ఎక్కడ పొరబడతామో చూసి అక్కడే రాస్తారు. సగం తెలిసిన ప్రశ్నలో మన చెయ్యి దాని మీదకే వెళుతుంది." చివరి పావుగంట కుదురుగా కూర్చుంటే రెండు మూడు ప్రశ్నలు చేసుకోగలిగేదాన్నని, ఆ సమయమంతా బబుళ్లు నింపడానికే పోయిందని కూడా చెప్పింది. కోపంగా చెప్పలేదు. లెక్క చెప్పినట్టే చెప్పింది. నాకు అదే ఎక్కువ తగిలింది.

ఇన్‌కో జాబితాలో పేరు రాలేదు. అప్పుడైనా నిజం చెప్పానా? ఒకరికి పేపర్ సిలబస్ బయట నుంచి వచ్చిందన్నాను, ఇంకొకరికి కీలో తప్పులున్నాయన్నాను, మా పెదనాన్నకైతే పిల్లకి ఆ రోజు జ్వరమన్నాను. పేపరూ కీ శుభ్రంగా ఉన్నాయి, పిల్లా శుభ్రంగా ఉంది. ఫ్లెక్సీ మాత్రం వానలొచ్చి చినిగేదాకా బస్టాండు దగ్గరే వేలాడింది. అన్నాళ్లూ నేను చుట్టుదారిలో కాలేజీకి వెళ్లాను.

సెకండియర్ మొదలవగానే ఆమె ఒక్కటే అడిగింది: "నాన్నా, కోచింగ్ వద్దు. మీ కాలేజీ ల్యాబ్ తాళం ఇప్పించు."

ల్యాబ్ తాళం! అది ఎక్కడుందో గుర్తు తెచ్చుకోవడానికే నాకు కొంత సేపు పట్టింది. ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి 30 మార్కులు. ఆ 30 ఎలా పడతాయో రెండు రాష్ట్రాల్లో కాలేజీ గడప తొక్కిన ఎవరికైనా తెలుసు. పరీక్షకు ముందు కొన్ని రోజులు దుమ్ము దులిపి, పిల్లల చేత రికార్డు రాయించి, సాల్ట్ పేరు ఎవరో ఒకరు చెవిలో ఊదితే అయిపోతుంది. ఒలింపియాడ్ మార్కుల్లో 40 శాతం ప్రాక్టికల్‌దే అని క్లాసులో గొప్పగా చెబుతూనే, ఆ తాళంచెవి నా టేబుల్ సొరుగులో తుప్పు పట్టనిచ్చాను. ఈత నేర్పుతానని పిల్లని తీసుకెళ్లి గోదావరి ఫొటో చూపించి తీసుకొచ్చినట్టు ఉంది నా వ్యవహారం.

శనివారం మధ్యాహ్నం ల్యాబ్ తెరిచాం. బ్యూరెట్ల స్టాప్‌కాక్‌లు బిగుసుకుపోయాయి. సీసాల మీద లేబుళ్లు పురుగులు తిన్నాయి. మా అమ్మాయితోపాటు ఇంకొందరు సెకండియర్ పిల్లలొచ్చారు. చూసేవాళ్లు ఉండేసరికి నాలో పాత మనిషి లేచాడు. "బ్రౌన్ రింగ్ టెస్ట్ చూపిస్తాను, దగ్గరికి రండి" అన్నాను. నైట్రేట్‌ని గుర్తుపట్టే పరీక్ష అది. దాని గురించి నేను చెప్పినన్ని సార్లు భీమవరంలో ఇంకెవరూ చెప్పి ఉండరు. చేసి మాత్రం నా డిగ్రీ రోజులు దాటిపోయాయి.

పరీక్షనాళికలో నైట్రేట్ ద్రావణం పోశాను, అలమారలోని ఫెర్రస్ సల్ఫేట్ సీసా తీశాను, రంగు లేత ఆకుపచ్చ ఉండాల్సింది పసుపుపచ్చగా ఉంటే చూసి కూడా పట్టించుకోలేదు, వంచేశాను, పిల్లలు దగ్గరికి జరిగారు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని గోడ వెంబడి చుక్క చుక్కగా జార్చాలని నోటితో చెబుతూనే చేత్తో గభాల్న పోశాను, నాళిక వేడెక్కిపోయింది, లోపలిది చిటపటమని పైకి ఎగిరింది, ఒక చుక్క నా చొక్కా చేతి మీద పడి శనగగింజంత చిల్లు చేసింది, పిల్లలు వెనక్కి దూకారు, రింగ్ లేదు, బ్రౌనూ లేదు, గజిబిజి పసుపు నీళ్లున్నాయి, నేనేమో గొంతు సవరించుకుని "ఇది నైట్రేట్ కాదనుకుంటాను" అన్నాను. సీసా మీద పురుగులు తినకుండా మిగిలిన లేబుల్ అదొక్కటే: పొటాషియం నైట్రేట్.

వెనక నుంచి మా ల్యాబ్ అటెండర్ మెల్లగా అన్నాడు: "సార్, ఫెర్రస్ సల్ఫేట్ అప్పటికప్పుడు కలుపుకోవాలండి. నిలవుంటే గాలికి ఫెర్రిక్ అయిపోద్ది."

ఆయన చదివింది పదో తరగతి. నా ముందు పనిచేసిన లెక్చరర్ల దగ్గర నిలబడి, చూసి, నేర్చుకున్నాడు. ఆయనే కాసిని పచ్చటి స్ఫటికాలు నీళ్లలో వేసి, చుక్క ఆమ్లం కలిపి, నాళికని వాలుగా పట్టుకుని, గోడ వెంట ఆమ్లాన్ని నూనెలా జారవిడిచాడు. అడుగున బరువైన ఆమ్లం నిలిచింది. పైన ద్రావణం. రెండూ కలిసే చోట ముందు పొగమంచులా ఒక మసక, తర్వాత కాఫీ రంగు గీత, తర్వాత నాళిక చుట్టూ ఉంగరం. కదిపితే చెదిరిపోతుందని ఆయన ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు. పిల్లలు గోలగోల చేశారు. నేనూ చేశాను. ఆ వయసులో ఏడుపొచ్చేంత సంతోషం వేసింది, నిజం చెబుతున్నాను. ఆ సోమవారమే కళ్లకి గాగుల్స్ కొన్నాం. అవి లేకుండా పిల్లల్ని ఆమ్లం దగ్గరికి పిలిచిన సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అక్కడితో అవ్వలేదు. "ఆ ఉంగరంలో ఐరన్ ఆక్సిడేషన్ స్థితి ఎంత?" అన్నది నాకు అరసెకను బిట్. ప్లస్ వన్. కొన్ని వేల మందితో ప్లస్ వన్ అని వల్లెవేయించాను. మా అమ్మాయి ఎక్కడో చదివొచ్చి చెప్పింది: ఆ గోధుమరంగు పదార్థాన్ని 2019లో మ్యూనిక్ పరిశోధకులు స్ఫటికాలుగా వేరుచేసి చూశారట. అందులో ఐరన్ ప్లస్ త్రీ, దానికి పట్టుకున్న నైట్రిక్ ఆక్సైడ్ మైనస్ వన్ అని చెప్పడమే సబబని తేల్చారట. నేను అరసెకనులో ముగించిన బిట్ దగ్గర, ఇంత కాలం తర్వాత కూడా, పెద్ద పెద్దవాళ్లు కూర్చుని ఆలోచిస్తున్నారన్నమాట. ఆ రాత్రి చాలాసేపు ఆ పరిశోధన పత్రం ముందేసుకుని కూర్చున్నాను. ప్రశ్న చివరిదాకా చదవడం అంటే ఏమిటో, తలనెరిశాక, అప్పుడు మొదలుపెట్టాను.

పారాణి ప్రశ్న కూడా తిరిగొచ్చింది. ఈసారి గడప దాటి ల్యాబ్‌లోకే వచ్చింది. పసుపుని స్పిరిట్‌లో నానబెట్టి, వడపోత కాగితం ముంచి ఆరబెట్టారు పిల్లలు. ఒక ముక్క మీద సున్నపు తేట వేస్తే ఎర్రబడింది. ఇంకో ముక్కని, క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ ద్రావణంలో కాస్త పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, ముంచి వెచ్చగా ఆరబెడితే అదీ ఎర్రబడింది. రెండూ ఎరుపే. ఏది సున్నం, ఏది బోరాన్? ఇక్కడ ఆప్షన్లు లేవు. ఒక పిల్లవాడు నిమ్మచెక్క పిండాడు. సున్నం ఎరుపు మళ్లీ పసుపైపోయింది, బోరాన్ ఎరుపు అలాగే ఉంది. ఎందుకంటే సున్నం కర్కుమిన్ నుంచి ప్రోటాన్‌ని లాక్కుంటుంది, నిమ్మరసం దాన్ని తిరిగిస్తుంది. బోరాన్ అలా కాదు, కర్కుమిన్ అణువుల ఆక్సిజన్లని పట్టుకుని కూర్చుంటుంది, నిమ్మరసానికి లొంగదు. దాని మీద కాస్టిక్ సోడా చుక్క వేస్తే ఆకుపచ్చ కలిసిన నలుపు తిరిగింది. నిమ్మచెక్క పిండిన పిల్లవాడికి నా గ్రాండ్ టెస్టుల్లో ఎప్పుడూ సగం మార్కులు దాటేవి కావు. నా టెస్టులు వాడిలో ఏం చూడలేకపోయాయో ఆ పూట చూశాను.

ఫాస్ఫేట్ పరీక్ష రోజున మాత్రం నాకు గర్వం ఆగలేదు. 1895లో మా ఊళ్లోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి అచ్చువేశారు. మాలిబ్డేట్ కలిపి, క్షయకరణం చేస్తే వచ్చే నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. పిల్లలు నల్లటి కూల్‌డ్రింకుని బాగా నీళ్లు కలిపి పల్చన చేసి, అమ్మోనియం మాలిబ్డేట్ వేసి, విటమిన్ సి మాత్ర పొడి కలిపి వెచ్చబెట్టారు. నీలం తిరిగింది. సుబ్బారావు గారు వాడిన క్షయకారిణి వేరు, దారి అదే. ఆయన పేరు నేను ప్రతి వార్షికోత్సవంలో ఉపన్యాసాల్లో వాడుకున్నాను. ఆయన నీలాన్ని కళ్లతో చూసింది మాత్రం ఆ రోజే.

ఆ ఏడు మా అమ్మాయి ఎన్‌ఎస్‌ఈసీ మళ్లీ రాసింది. తెలియనివి ఖాళీగా వదిలేసింది. ఇన్‌కోకి వెళ్లింది. మాన్‌ఖుర్ద్ క్యాంపు దాకా రాలేదు. బాధపడింది, రెండు రోజులకి తేరుకుంది, ఆ ప్రశ్నల్ని ఇంటికొచ్చాక మళ్లీ కూర్చుని చేసింది. ఇన్‌కో ప్రశ్న ఒక్కోటి పేజీలకు పేజీలు సాగుతుంది. ఒక నిజమైన పదార్థం కథ మొదలుపెట్టి, అంచెలంచెలుగా లోపలికి తీసుకెళుతుంది. చుట్టాలు "ఇంజనీరింగ్ సీటు పోగొట్టుకుంది" అంటున్నా, ఇప్పుడు తను కెమిస్ట్రీలోనే డిగ్రీ చదువుతోంది. ఈ విషయంలో మాత్రం నేను ఎవరికీ జ్వరం కథలు చెప్పడం లేదు.

శనివారం మధ్యాహ్నాలు మా ల్యాబ్ తెరిచే ఉంటుంది. మీ పిల్లలకు పోటీ రాయాలనుంటే, పాత ఎన్‌ఎస్‌ఈసీ, ఇన్‌కో పేపర్లు ఉచితంగానే దొరుకుతాయి. ఏటా ఆతిథ్య దేశం నెలల ముందే విడుదల చేసే సన్నాహక ప్రశ్నలూ దొరుకుతాయి. వాటిని బిట్లుగా కోయకండి. ఒక్కో ప్రశ్నకి ఒక్కో సాయంత్రం ఇవ్వండి. పోటీ అక్కర్లేదు, ఊరికే చూస్తామన్నా పంపండి. ఫెర్రస్ సల్ఫేట్ మా అటెండర్ అప్పటికప్పుడు కలుపుతాడు, గాగుల్స్ మా దగ్గరున్నాయి. పాత నూలు చొక్కా వేసుకుని రమ్మనండి. వచ్చే వారం సిల్వర్ నైట్రేట్ తీస్తున్నాం, చేతికంటితే నల్లమచ్చ కొన్నాళ్లదాకా వదలదు.